కామా కూడా మార్చనన్న చేయి
మన అక్షరం: 9వ భాగం



మీ ఊరి సెంటర్లో బాబాసాహెబ్ విగ్రహం ఉంటే రేపు పొద్దున ఒకసారి దగ్గరికి వెళ్లి చూడండి. చేతిలో పుస్తకం అందరికీ కనపడుతుంది. చాచిన చూపుడు వేలు కనపడుతుంది. నీలం కోటు, కళ్లద్దాలు, టై కనపడతాయి. ఇంకొకటి కూడా ఉంటుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కోటు జేబులో పెన్ను. విగ్రహం చేసే మేస్త్రి దాన్ని మరిచిపోకుండా పెడతాడు. మనమే మరిచిపోతాం. ఏప్రిల్ 14న దండ వేస్తే ఆ పెన్ను దండ కిందకి పోతుంది.

ఈ భాగం ఆ పెన్ను గురించి.

పోయిన భాగం చదివి ఒక చెల్లి నాకు ఇలా రాసింది: "అన్నా, చెప్పాలని చాలా ఉంది. రాద్దామని కూర్చుంటే చేయి రాదు. మా ఇంట్లో రాసినవాళ్లు ఎవరూ లేరు. అది మాకు పుట్టుకతో రాలేదు." చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. పుట్టుకతో రాలేదట! పుట్టుకతో ఎవరికి ఏది వస్తుందో, ఎవరికి ఏది రాదో తరతరాలుగా మనకు చెబుతున్నది ఎవరు చెల్లీ? ఆ మాట నీది కాదు. నీ నోట్లో ఎవరో పెట్టిన మాట.

కాళిదాసు కథ మనందరం సినిమాలో చూశాం. ఏమీ రాని అమాయకుడు. కాళికాదేవి నాలుక మీద బీజాక్షరాలు రాసింది. రాత్రికి రాత్రి మహాకవి. ఆ కథలో చదువు లేదు, గురువు లేడు, కొట్టేసి మళ్లీ రాసుకున్న ఆకులు లేవు. కటాక్షం ఒక్కటే ఉంది. కానీ అదే కథ చెప్పేవాళ్ల ఇంట్లో ఏం జరిగేది? అయిదో ఏట పిల్లాణ్ని కూర్చోబెట్టి చేయి పట్టుకుని దిద్దించేవాళ్లు. ఆ తంతు పేరు అక్షరాభ్యాసం. ఆ పేరులోనే అభ్యాసం ఉంది చూడండి. ఆ తర్వాత ఏళ్లకు ఏళ్లు వల్లె వేయించేవాళ్లు. వాళ్ల పిల్లలతో చేయించింది అభ్యాసం. మనకు చెప్పింది కటాక్షం.

మనవాళ్లూ ఇంకో రకంగా అదే తప్పు చేస్తున్నారు. బాబాసాహెబ్ పుట్టు మేధావి అంటాం, అలాంటివాడు మళ్లీ పుట్టడు అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాట అన్న ప్రతిసారీ ఆయన పడిన కష్టాన్ని తుడిచేస్తున్నాం. ఆయన చిన్నప్పుడు ఎలా నేర్చుకున్నాడు, ఎన్నిసార్లు తిరగరాశాడు, ఎక్కడ దెబ్బ తిన్నాడు అన్నది తెలియకపోతే ఆ పెన్ను విగ్రహం జేబులోనే ఉండిపోతుంది. మన జేబులోకి రాదు.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

నేను డిగ్రీ చదివే రోజుల్లో మా ఊళ్లో పెదనాన్న వరసయ్యే ఒకాయనను చెరువుగట్టు మీద నలుగురూ చూస్తుండగా కులం పేరుతో తిట్టి కొట్టారు. పేటలో డిగ్రీ దాకా వెళ్లింది నేనొక్కణ్నే. ఫిర్యాదు నన్నే రాయమన్నారు. రాత్రంతా కూర్చుని నాలుగు పేజీలు రాశాను. మనుధర్మం రాశాను, వేల ఏళ్ల అణచివేత రాశాను, రక్తం మరుగుతోందని రాశాను. పేటలో చదివి వినిపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ నాలుగు పేజీల్లో ఏం లేదో తర్వాత తెలిసింది. ఏ టైముకి జరిగిందో లేదు. చెరువుగట్టు అన్న మాట లేదు, "ఊరి బయట" అని ఉంది. ఏ మాటతో తిట్టారో లేదు, "అసభ్యంగా దూషించి" అని ఉంది. చూసినవాళ్ల పేర్లు లేవు. 1989 అట్రాసిటీ చట్టం అడిగేవి సరిగ్గా ఇవే. పదిమందికీ కనపడే చోట జరిగిందా? అవమానించాలనే అన్నారా? కులం పేరుతో అన్నారా? ఎవరు చూశారు? ఎవరు విన్నారు? కేసు నిలబడలేదు. మా తరఫున వచ్చిన లాయర్ గారు ఆ కాగితాలు తిరగేసి, "వ్యాసం బాగుంది బాబూ. ఫిర్యాదు ఏదీ?" అన్నారు.

పెదనాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే అది ఇప్పటికీ గుచ్చుతుంది. మనకు రాత అంటే కాలక్షేపం కాదు మిత్రులారా. మనం సరిగా రాయకపోతే మన దెబ్బకు సాక్ష్యం ఉండదు. అందుకే ఈ చరిత్ర మీకు చెప్పాలనుకున్నాను.

మొదట పుణె వెళ్దాం. 1848లో జోతిరావు ఫూలే అక్కడ ఆడపిల్లల కోసం బడి తెరిచాడు. సావిత్రీబాయి పాఠం చెప్పింది. తర్వాత తెరిచిన బడుల్లో మాంగ్, మహర్ పిల్లలు కూడా కూర్చున్నారు. అలా చదువుకున్న మాంగ్ పిల్ల ముక్తా సాల్వే. పద్నాలుగేళ్ల వయసులో ఆ పిల్ల మాంగ్, మహర్ల దుఃఖం గురించి ఒక వ్యాసం రాసింది. 1855 ఫిబ్రవరి, మార్చి నెలల్లో 'జ్ఞానోదయ' పత్రిక దాన్ని రెండు భాగాలుగా అచ్చు వేసింది.

ఆ పిల్ల బడికి వెళ్లింది ఎన్నేళ్లో తెలుసా? దాదాపు మూడేళ్లు. అంతే. ఆమె వెనక రాసిన తాతలు లేరు, తండ్రులు లేరు. అయినా ఆ వ్యాసం గట్టిగా నిలబడటానికి కారణం ఏమిటంటే, తన జాతి మీద జరిగిన వాటిని ఆమె పేరు పెట్టి, ఒక్కొక్కటిగా చెప్పింది. వేదాలు బ్రాహ్మణులవే అయితే, మాకు చదివే హక్కే లేకపోతే, మరి మాది ఏ మతం అని దేవుణ్నే నిలదీసింది. నేను డిగ్రీ చదివి రాయలేకపోయిన ఫిర్యాదును ముక్త పద్నాలుగేళ్లకే రాసింది. మూడేళ్ల బడిలో ఆమెకు దొరికింది కటాక్షం కాదు. దిద్దించే టీచరు దొరికింది.

ఇక బాబాసాహెబ్ దగ్గరికి వద్దాం.

ఆయన తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు, సైనిక బడిలో హెడ్‌మాస్టరుగా కూడా పనిచేశాడు. కొడుకుకి ఇంగ్లిషు నేర్పడానికి ఆయన పట్టుకున్న పద్ధతి అనువాదం. తర్ఖడ్కర్ రాసిన అనువాద పాఠాల పుస్తకాలు ముందు పెట్టి మరాఠీ వాక్యాన్ని ఇంగ్లిషులోకి, ఇంగ్లిషు వాక్యాన్ని మరాఠీలోకి మార్పించేవాడు. ఒక మాటకు సరైన మాట దొరికేదాకా వెతికించేవాడు. తర్వాత ఆ కొడుకు రాసిన చట్టాల్లో, పుస్తకాల్లో ఒక్కో మాట తూకం వేసినట్టు ఉంటుందని మనం ఆశ్చర్యపోతాం. ఆ తూకం రాంజీ ఇంట్లో మొదలైంది.

ముంబై పరేల్‌లో వాళ్లది ఒకే గది. వంటా అక్కడే, పడకా అక్కడే. ఇద్దరికీ ఒకేసారి పడుకునే చోటు లేదు. అందుకని పిల్లాణ్ని పెందలాడే పడుకోబెట్టి తండ్రి మేలుకుని ఉండేవాడు. రాత్రి రెండు గంటలకు కొడుకుని లేపి చదువుకి కూర్చోబెట్టి, ఆ పక్క మీద తాను పడుకునేవాడు. హాస్టల్లో ఒక గదిలో పదిమంది ఉన్నారు, చదువుకోవడానికి చోటు లేదు అనే తమ్ముళ్లకు నేను చెప్పేది ఇదే. చోటు లేనిచోట వాళ్లు వేళను పంచుకున్నారు.

బడిలో ఆయన సంస్కృతం చదువుతానంటే అంటరానివాడికి చెప్పమన్నారు. పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. సంస్కృతం తర్వాత సొంతంగా పట్టుబట్టి నేర్చుకున్నాడు. శూద్రులెవరో, అంటరానివారెవరో పరిశోధించి పుస్తకాలు రాసేనాటికి ఆ గ్రంథాల్లోకే చేయి పెట్టి వాళ్ల లెక్కలు అడిగాడు.

ఇదే పోరాటం మన తెలుగు నేల మీద కూడా జరిగింది. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువాను తలుచుకోండి. పద్యం మనది కాదన్నారు, సంస్కృతం మనది కాదన్నారు. వినుకొండలో జరిగిన అవధాన సభకు ఆయన పద్యాలు రాసుకుని వెళితే ఇతన్ని ఎవరు రానిచ్చారని గొడవ చేశారు. ఆయన ఏడ్చి ఊరుకోలేదు. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నాడు. ఉభయ భాషా ప్రవీణ పాసయ్యాడు. రాజమండ్రిలో మూకీ సినిమాలు ఆడేటప్పుడు తెర పక్కన నిలబడి కథ చెప్పే ఉద్యోగం చేశాడు. ఆ ఉద్యోగం ఎలాంటిదో ఆలోచించండి. జనం ముందు నిలబడి, వాళ్లకు అర్థమయ్యేలా, బొమ్మ కదిలే వేగంతో మాట కదిలించాలి. అదీ అభ్యాసమే.

1941లో 'గబ్బిలం' వచ్చింది. మేఘసందేశంలో యక్షుడు మేఘంతో ప్రియురాలికి కబురు పంపుతాడు. జాషువా ఆ పద్ధతిని పూర్తిగా నేర్చుకుని, మేఘాన్ని తీసేసి గబ్బిలాన్ని పెట్టాడు. మనిషికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు కాబట్టి, తన ఆకలి కబురు శివుడికి చెప్పమని దాన్ని పంపాడు. మేఘసందేశం క్షుణ్నంగా చదవనివాడికి ఈ పని చేతకాదు. కోపం ఒక్కటే ఉంటే తిట్టు వస్తుంది. కోపానికి పనితనం తోడైతే గబ్బిలం వస్తుంది.

మళ్లీ బాబాసాహెబ్. 1913లో కొలంబియా యూనివర్సిటీకి వెళ్లాడు. 1916 మే 9న అక్కడి ఒక సెమినారులో భారతదేశంలో కులాల పుట్టుక మీద పత్రం చదివాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. మరుసటి ఏడాది అది 'ఇండియన్ యాంటిక్వెరీ' పత్రికలో అచ్చయింది. అక్కడి నుంచి లండన్. స్కాలర్‌షిప్ గడువు అయిపోయి 1917లో వెనక్కి రావలసి వచ్చింది. వేరే ఓడలో వేసిన ఆయన సామాను, పుస్తకాలతో సహా యుద్ధంలో సముద్రం పాలయింది. 1920లో మళ్లీ లండన్ వెళ్లాడు. బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీ తలుపు తీసేసరికి లోపల ఉండేవాడు, మూసేటప్పుడు బయటికి వచ్చేవాడు. మధ్యాహ్నం సరైన తిండి కూడా ఉండేది కాదు.

1922 అక్టోబరులో రూపాయి సమస్య మీద తన డి.ఎస్సి. థీసిస్ సమర్పించాడు. ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి, మన సభల్లో దీన్ని ఎవరూ చెప్పరు.

ఆ థీసిస్‌ను ఒప్పుకోలేదు.

పరీక్షకులు అభ్యంతరం చెప్పారు. తిరగరాసి తెమ్మన్నారు. బ్రిటిష్ ఆర్థిక విధానం మీద విమర్శ మరీ ఘాటుగా ఉండటమే కారణమని ఆయన జీవితచరిత్ర రాసినవాళ్లు చెబుతారు. చేతిలో డబ్బులు అయిపోయాయి. 1923లో ముంబై వచ్చేశాడు. ఇంట్లో సంసారం, అప్పులు. ఆ పరిస్థితిలో కూర్చుని థీసిస్ మళ్లీ రాశాడు. చెప్పే తీరు మార్చాడు. తేల్చిన విషయాలు మాత్రం మార్చలేదు. లండన్‌కు పంపాడు. ఆ ఏడాది నవంబరులో డిగ్రీ వచ్చింది. డిసెంబరులో 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రుపీ' పుస్తకంగా వచ్చింది. దానికి ముందుమాట రాసిన ప్రొఫెసర్ ఎడ్విన్ కానన్, ఈయన చెప్పినవాటిలో కొన్ని తాను ఒప్పుకోనని ఆ ముందుమాటలోనే రాశాడు. గురువు ఒప్పుకోని మాటలను కూడా గురువు ముందుమాటతోనే లోకం ముందు పెట్టగలిగాడంటే, ఆ రాత ఎంత గట్టిగా కట్టిందో చూడండి.

రాసింది వెనక్కి వస్తే మనం ఏం చేస్తాం? "వాళ్లకు కులం కనపడింది, అందుకే వేయలేదు" అంటాం. చాలాసార్లు అది నిజమే. కానీ అది నిజమైన రోజున కూడా చేయాల్సిన పని ఒకటి మిగిలే ఉంటుంది. కాగితం ముందు పెట్టుకుని, ఇందులో నేను బాగుచేయాల్సింది ఏమైనా ఉందా అని చూడాలి. బాబాసాహెబ్ చూశాడు.

ఈ కథకు రెండో ముఖం ఉంది. దానికోసం పత్రికల దగ్గరికి రావాలి.

1920 జనవరి 31న 'మూక్‌నాయక్' మొదటి సంచిక వచ్చింది. మూగవాళ్ల నాయకుడని ఆ పేరుకు అర్థం. కొల్హాపూర్ శాహూ మహారాజ్ 2,500 రూపాయలు ఇచ్చి నిలబెట్టాడు. డబ్బులిస్తాం, పత్రిక వస్తోందని ప్రకటన వేయండి అంటే 'కేసరి' వేయలేదు. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు ముట్టుకున్నారు. తర్వాత రెండు వారాలకు, ఏప్రిల్ 3న, 'బహిష్కృత్ భారత్' మొదటి సంచిక వచ్చింది. అంటే చెరువు నీళ్ల తడి ఆరకముందే ఆ సంగతి మన వైపు నుంచి కాగితం మీదికి ఎక్కింది. ఎక్కకపోయి ఉంటే మహాడ్ గురించి ఈరోజు మనం వాళ్లు రాసిందే చదువుకునేవాళ్లం.

ఆ పత్రిక కాలమ్‌లు చాలావరకు ఆయనే ఒక్కడూ నింపేవాడు. కోర్టు పని, ఉద్యమం, కాలేజీ పాఠాలు, వాటి మధ్య ఇది. గడువుకి రాయడం ఎంత కఠినమైన బడో పత్రికల్లో పనిచేసినవాళ్లను అడగండి. మూడ్ రాలేదంటే కుదరదు. ఇంకొకటి గమనించండి. లండన్ ప్రొఫెసర్ల కోసం రాసిన ఇంగ్లిషు వేరు, ఈ మరాఠీ వేరు. చదువురాని మనిషికి పక్కవాడు చదివి వినిపిస్తే అర్థం కావాలి. సామెతలు, పోలికలు, ఎత్తిపొడుపులు అన్నీ వాడాడు. ఎవరికి రాస్తున్నామో తెలిసి రాయడం ఒక విద్య. అది ఆయనకు ఈ పత్రికల్లోనే పదునెక్కింది.

ఇప్పుడు 1936. లాహోర్‌లో జాత్ పాత్ తోడక్ మండల్ అనే సంఘం ఉండేది. కులాన్ని పోగొట్టాలనే హిందూ సంస్కర్తల సంఘం. తమ వార్షిక సభకు అధ్యక్షత వహించమని బాబాసాహెబ్‌ను పిలిచింది. ఆయన ఉపన్యాసం ముందే రాసి పంపాడు. చదివి వాళ్లు వణికిపోయారు. వేదాల జోలికి, హిందూ మతాన్ని వదిలేస్తానన్న మాట జోలికి పోకుండా కొన్ని భాగాలు తీసేయమన్నారు. ఏప్రిల్ 27న ఆయన రాసిన జవాబులో కామా కూడా మార్చనని తేల్చేశాడు. వాళ్లు సభే రద్దు చేసుకున్నారు.

ఆయన ఏం చేశాడు? సొంత డబ్బుతో 1,500 కాపీలు అచ్చు వేయించాడు. రెండు నెలల్లో అయిపోయాయి. గాంధీ తన 'హరిజన్' పత్రికలో దానిమీద రాశాడు. ఆ విమర్శను, తన జవాబును కూడా కలిపి 1937లో రెండో ముద్రణ తెచ్చాడు. మనం 'కుల నిర్మూలన' అని చదువుకుంటున్నది ఆ ఎవరూ విననివ్వని ఉపన్యాసాన్నే.

థీసిస్ మొత్తం తిరగరాసిన చేయి, ఈ ఉపన్యాసంలో కామా మార్చనంది. ఒకే మనిషి. పదమూడేళ్ల తేడా. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో అడిగింది చెప్పే తీరు మార్చమని. అది మార్చినా నిజం చెడలేదు. రెండోదాంట్లో అడిగింది నిజాన్నే తీసేయమని. ఏది ఒప్పుకోవచ్చో, ఏది ఒప్పుకోకూడదో ఆయనకు స్పష్టంగా తెలుసు. ఆ తెలివి ఎలా వచ్చింది? వేల పేజీలు రాసి, కొట్టేసి, మళ్లీ రాస్తే వచ్చింది. తన వాక్యంలో ఏది ఎముకో ఏది బట్టో తెలిసినవాడే కామా కూడా మార్చనని అనగలడు. ఒక్కసారి కూడా తిరగరాయనివాడు ఆ మాట అంటే అది మొండితనం.

పైగా ఆ ఉపన్యాసం కూడా ఇక ముట్టుకోనక్కర్లేదని ఆయన అనుకోలేదు. 1916 నాటి కులాల వ్యాసాన్ని కలిపి మొత్తం తిరిగి రాయాలని ఉందని, తీరిక దొరకలేదని 1944లో మూడో ముద్రణ ముందుమాటలో చెప్పుకున్నాడు. ఇతరులు భయపడి మార్చమంటే మార్చలేదు. తనకు తానుగా బాగుచేయాలని మాత్రం ఎనిమిదేళ్ల తర్వాత కూడా అనుకుంటూనే ఉన్నాడు.

రాజ్యాంగం సంగతి మీకు తెలుసు. 1947 ఆగస్టు 29న డ్రాఫ్టింగ్ కమిటీ వేశారు. ఒకరు రాజీనామా చేశారు, ఒకరు చనిపోయారు, ఒకరు అమెరికాలో ఉండిపోయారు, భారమంతా చివరికి డాక్టర్ అంబేడ్కర్ మీదే పడిందని టి.టి. కృష్ణమాచారి సభలోనే చెప్పాడు. మనం ఆ మాట గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. దాంతో పాటు చెప్పుకోవలసిన అంకెలు రెండున్నాయి. ఆ డ్రాఫ్టు మీద వచ్చిన సవరణ ప్రతిపాదనలు 7,635. వాటిలో సభలో నిజంగా ప్రవేశపెట్టినవి 2,473. 1949 నవంబరు 25న ఆయనే ఈ లెక్క చెప్పాడు. ఎన్నో క్లాజుల మీద తానే లేచి, ఎందుకు ఒప్పుకుంటున్నామో, ఎందుకు ఒప్పుకోవడం లేదో జవాబు చెప్పాడు. లండన్‌లో ఒక థీసిస్‌తో నేర్చిన పాఠాన్ని ఇక్కడ ఒక దేశం కోసం వాడాడు.

అదే ఉపన్యాసంలో ఆయన బి.ఎన్. రావుకి, ఎస్.ఎన్. ముఖర్జీకి, వాళ్ల సిబ్బందికి పేరుపేరునా కృతజ్ఞత చెప్పాడు. ముఖ్యంగా ముఖర్జీని, ఎంత చిక్కు విషయాన్నైనా తేలిక మాటల్లో స్పష్టంగా పెట్టగల నేర్పరి అని మెచ్చుకున్నాడు. రాతపనిలో ఎవరి కష్టం ఎంతో కష్టపడినవాడికే తెలుస్తుంది.

ఇక చివరి రాత్రి. 1956 డిసెంబరు 5, ఢిల్లీ. షుగరు, కాళ్లనొప్పులు, చూపు మందగించింది. 'బుద్ధుడు, ఆయన ధమ్మం' పుస్తకం ఏళ్లుగా రాస్తూ, దిద్దుతూ ఉన్నాడు. ఆయన రాస్తుంటే టైపు చేసిపెట్టిన నానక్‌చంద్ రత్తును ఆ రాత్రి కూడా ముందుమాట కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టమన్నాడు. ఇంకోసారి చూసుకోవాలి. తెల్లారి ఆయన లేవలేదు. అరవై అయిదేళ్ల వయసులో, రాజ్యాంగం రాసిన తర్వాత కూడా, తన రాతను ఇంకోసారి చూసుకోవాలనుకున్న మనిషి ఆయన. మనం పోస్టు రాసి రెండోసారి చదవకుండా పెట్టేస్తున్నాం.

"అన్నా, ఆయనకు కొలంబియా ఉంది, లండన్ ఉంది. మాకేముంది?" అని అడుగుతారని తెలుసు. జవాబు ఫల్టణ్‌లో ఉంది.

మహారాష్ట్రలో సాతారా జిల్లా ఫల్టణ్‌లో బేబీ కాంబ్లే చిన్న కొట్టు నడిపేది. నాలుగో తరగతి చదువు. అంబేడ్కర్ ఉద్యమంలో పెరిగిన మహర్ స్త్రీ. సరుకులు పొట్లం కట్టడానికి వచ్చే పాత పేపర్లే ఆమెకు లైబ్రరీ. పొట్లం కట్టేముందు చదివేది. కొట్లో బేరం లేనప్పుడు నోటుబుక్కులో రాసుకునేది. భర్తకు తెలిస్తే ఊరుకోడని ఆ నోటుబుక్కులు ఏళ్ల తరబడి దాచిపెట్టింది. వాడలో ఆడవాళ్లు ఎలా బతికారో, ఏం తిన్నారో, అత్తల చేతిలో ఎలా నలిగారో, బాబాసాహెబ్ మాట విని ఎలా లేచారో అన్నీ రాసింది. అది ముందు మరాఠీ పత్రిక 'స్త్రీ'లో భాగాలుగా, 1986లో 'జిణ ఆముచ' పేరుతో పుస్తకంగా వచ్చింది. మా బతుకులు అని అర్థం. ఆ నోటుబుక్కుల్లోని సంగతులు ఈ దేశంలో ఏ యూనివర్సిటీ దగ్గరా లేవు. పొట్లాల కాగితం చదివిన ఒక కొట్టు ఆవిడ దగ్గర ఉన్నాయి.

మన దగ్గర బొజ్జా తారకం గారిని చూడండి. కవిత్వం రాసిన అదే చేత్తో 'పోలీసులు అరెస్టు చేస్తే' అనే పుస్తకం రాశారు. మామూలు మనిషి చదివి స్టేషన్‌లో తన హక్కు అడగగలిగే పుస్తకం. నా నాలుగు పేజీల ఫిర్యాదు పోయాక నేను ఆ పుస్తకం ముందు పెట్టుకుని వాక్యం వాక్యం చూసి రాయడం నేర్చుకున్నాను. తేలిక మాటలో రాయడం తక్కువ పని అని అప్పటిదాకా అనుకునేవాణ్ని.

కాబట్టి చెల్లీ, తమ్ముడూ, చరిత్ర నుంచి మనం చేతిలోకి తీసుకోవలసినవి నాలుగు.

ఒకటి. రాంజీ పద్ధతి. రోజూ ఒక పేరా తీసుకో. ఇంగ్లిషు నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి ఇంగ్లిషులోకి మార్చు. అనువాదం చేసేటప్పుడు మాటల్ని దాటేయడానికి ఉండదు.

రెండు. ముక్త పద్ధతి. నీ పేటలో ఈరోజు జరిగింది రాయి. తేదీ, టైము, చోటు, ఎవరు ఏమన్నారు, ఎవరు చూశారు. తర్వాత కోపం రాయి. వరస మారిస్తే నా ఫిర్యాదులా అవుతుంది.

మూడు. 'బహిష్కృత్ భారత్' పద్ధతి. రాసింది మీ అమ్మకు చదివి వినిపించు. ఆమె "అంటే ఏంట్రా?" అన్నచోట గీత పెట్టు. తప్పు ఆమెది కాదు, ఆ వాక్యానిది.

నాలుగు. థీసిస్ పద్ధతి. మూడు రోజులు పక్కన పెట్టి మళ్లీ రాయి. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు. మొదటిసారి రాసింది బాగుండదు. ఆయనదే వెనక్కి వచ్చింది, మనదెంత?

ఇలా కొన్నేళ్లు చేశాక ఒకరోజు ఎవరో నీ కాగితం చదివి, ఈ ముక్క తీసేస్తే వేస్తాం, ఈ పేరు తీసేస్తే పిలుస్తాం అంటారు. తప్పకుండా అంటారు. ఆ రోజు నీ వాక్యంలో ఏది బట్టో ఏది ఎముకో నీకు తెలిసి ఉండాలి. అప్పుడు చెప్పు, కామా కూడా మార్చనని.

పోయినేడాది మా ఊళ్లో మళ్లీ ఒక గొడవ జరిగింది. ఈసారి ఫిర్యాదు నేను రాయలేదు. పెదనాన్న మనవరాలు రాసింది, ఇంటర్ చదువుతోంది. నాకు చూపించింది. ఒకటిన్నర పేజీ. టైము ఉంది, చోటు ఉంది, అన్న మాట అన్నట్టే ఉంది, ముగ్గురు సాక్షుల పేర్లు ఉన్నాయి. "ఎన్నిసార్లు రాశావమ్మా?" అని అడిగాను. "ఐదు సార్లు బాబాయ్" అంది.

నేను దిద్దడానికి పెన్ను తీశాను. మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

జై భీమ్. వచ్చే భాగంలో హైదరాబాద్ వెళ్దాం, భాగ్యరెడ్డి వర్మ దగ్గరికి.